ఫొటోలో ఉన్నదెవరో ముందు రాసి పెట్టండి: పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

ఇంట్లో ఏళ్ల తరబడి పడి ఉన్న ఫొటోలను ఒక క్రమంలో పెట్టుకోవడం గురించి, వాటి ఆసరాతో కుటుంబం కథను పిల్లలకు చెప్పడం గురించి శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల నుంచి వచ్చిన ఉత్తరాలలో కొన్నిటిని ఈ సంచికకు తీసుకున్నాం. ఒకే సందేహాన్ని పలువురు అడిగినచోట ఒక ఉత్తరాన్నే ప్రచురించి, అందరికీ కలిపి సమాధానం ఇస్తున్నాం.

ప్రశ్న: మా నాన్నగారు నిరుడు కాలం చేశారు. ఆయన ట్రంకు పెట్టెలో మూడు ఆల్బమ్‌లు, కవర్లలో చాలా విడి ఫొటోలు, కొన్ని నెగటివ్‌లు దొరికాయి. వాటిలో సగం మందిని నేను గుర్తుపట్టలేకపోతున్నాను. అమ్మకు ఎనభై దాటాయి. అన్నిటినీ ఒకేసారి స్కాన్ చేయించేస్తే పని అయిపోతుందని హైదరాబాదులో ఉంటున్న తమ్ముడు అంటున్నాడు. ఎక్కడ మొదలుపెట్టమంటారు? – ఒక పాఠకురాలు, రాజాం

సమాధానం: మీ తమ్ముడు చెప్పిన పని చేయవలసిందే గాని, అది రెండో పని. ఫొటోను ఈ ఏడాది కాకపోతే వచ్చే ఏడాది స్కాన్ చేయించుకోవచ్చు. వెనక వరసలో పందిరి రాటను ఆనుకుని నిలబడిన మనిషి ఎవరో చెప్పగలిగినవారు మాత్రం మీ ఇంట్లో ఇప్పుడు మీ అమ్మగారు ఒక్కరే. పేర్లు లేని స్కాన్లు వెయ్యి ఉన్నా, మీ పిల్లల చేతికి వచ్చేసరికి అవి ఎవరో పరాయివాళ్ల బొమ్మలుగా మిగులుతాయి. అందుకే ఈ నెల రోజులూ స్కానర్ మాట పక్కనపెట్టి, అమ్మగారి దగ్గర కూర్చోండి.

కూర్చునే ముందు చేయవలసిన చిన్న పని ఒకటుంది. పెట్టె తెరిచిన ఉత్సాహంలో పెళ్లిళ్లు ఒకవైపు, పిల్లలవి ఒకవైపు, గుడులూ యాత్రలూ ఒకవైపు అని పంచి పెట్టేయకండి. నాన్నగారు ఒక కవరులో కలిపి ఉంచినవి చాలాసార్లు ఒకే సందర్భంలో తీసినవో, ఒకే బంధువు పంపినవో అయి ఉంటాయి. అవి అలా కలిసి ఉండటం కూడా మనకు ఆధారమే. కవరు మీద ఏమి రాసి ఉందో, ఆల్బమ్‌లో ఏ ఫొటో పక్కన ఏది ఉందో ముందుగా ఫోన్‌తో ఫొటో తీసి పెట్టుకుని, ఆ తర్వాతే విడదీయండి.

ప్రతి ఫొటోకూ ఒక గుర్తు ఇవ్వండి. మొదటి ఆల్బమ్‌లోనివాటికి అ-1, అ-2 అనీ, ట్రంకులోని విడి ఫొటోలకు ట-1, ట-2 అనీ పెట్టుకుంటే సరిపోతుంది. ఆ గుర్తును ఫొటో వెనకవైపు అంచున మెత్తని 4బి పెన్సిలుతో తేలికగా రాయండి. బాల్‌పెన్నుతో రాస్తే ఒత్తుడుకు ముందువైపు గీత ఉబ్బుతుంది, సిరా పక్క ఫొటోకు అంటుకుంటుంది. ఇటీవలి దశాబ్దాల రంగుల ఫొటోల వెనక నున్నటి ప్లాస్టిక్ పూత ఉంటుంది కాబట్టి వాటి మీద పెన్సిలు పడదు. అటువంటివాటికి ఒక్కొక్కదానికీ ఒక కాగితపు కవరు తీసుకుని, ముందు కవరు మీద రాసి, తర్వాత ఫొటోను లోపల పెట్టండి. ఇదే గుర్తును ఒక గట్టి అట్ట నోట్‌బుక్‌లో ఎక్కించి, దాని ఎదురుగా వివరం రాయడానికి చోటు వదలండి. రేపు స్కాన్ చేసిన ఫైలుకు కూడా ఇదే గుర్తు పెడతారు. ఫొటో, కవరు, పుస్తకం, ఫైలు నాలుగింటిలోనూ ఒకే గుర్తు ఉంటే ఏది ఎప్పుడు విడిపోయినా మళ్లీ కలుపుకోవచ్చు.

ఒక పూటకు పది ఫొటోలకు మించి చూపించవద్దు. పొద్దున్న టిఫిను అయ్యాక, వెలుతురు బాగా ఉండే చోట, భూతద్దం దగ్గర పెట్టుకుని కూర్చోవడం మంచిది. ఆమె అనుమతి తీసుకుని ఫోన్‌లో మాటలను రికార్డు చేయండి. “ఇదెవరమ్మా?” అని అడిగితే ఒక పేరు చెప్పి ఊరుకుంటారు. దానికి బదులు “ఈ ఫొటో తీసేటప్పుడు నువ్వెక్కడున్నావు?”, “ఇందులో ఉండవలసినవాళ్లలో ఎవరు లేరు, ఎందుకు రాలేదు?”, “ఈ వీధి అరుగు ఎవరిది, ఇప్పుడుందా?” అని అడిగి చూడండి. నగల గురించి తప్పకుండా అడగండి. అక్కచెల్లెళ్ల పెళ్లి ఫొటోలు మూడూ పక్కపక్కన పెట్టి చూస్తే ఒకే కంటె ముగ్గురు పెళ్లికూతుళ్ల మెడలోనూ కనిపించే ఇళ్లు మన ప్రాంతంలో చాలా ఉన్నాయి. అది ఎవరిది, ఎవరు ఎరువిచ్చారు, తర్వాత ఏమైంది, ఎవరి చదువుకు తాకట్టు పెట్టారు అన్న ప్రశ్నల దారిలో ఆ ఇంటి మంచిచెడ్డలు చాలావరకు బయటికి వస్తాయి.

ఆమె మాటను ఆమె చెప్పినట్లుగానే రాయండి, పుస్తక భాషలోకి దిద్దకండి. ఒక గుంపు ఫొటోలో ఒక చిన్నపిల్ల ముఖం మాత్రం అలుక్కుపోయినట్లు ఉందనుకోండి. “ఆయన నల్లగుడ్డ కప్పీసుకుంటే నాకు బయమేసి మొకం తిప్పీసినాను” అని ఆ పిల్లే ఇప్పుడు ముసలితనంలో చెబితే, ఆ వాక్యం అలాగే ఫొటో కింద ఉండాలి. “కెమెరాను చూసి భయపడి ముఖం తిప్పుకున్నది” అని మీరు మారిస్తే విషయం మిగులుతుంది గాని, చెప్పిన మనిషి పోతుంది.

పేర్ల దగ్గర ప్రత్యేకంగా జాగ్రత్త పడాలి. తాతల పేర్లు మనవలకు పెట్టే ఆచారం వల్ల ఒకే కుటుంబంలో నాలుగు శాఖలలో నలుగురు ఒకే పేరుతో ఉంటారు. దానికి తోడు సింహాచలం స్వామి పేరున అప్పన్నలు, అప్పలనాయుళ్లు, అరసవల్లి దేవుడి పేరున సూర్యనారాయణలు, శ్రీకూర్మం పేరున కూర్మారావులు, పైడితల్లి అమ్మవారి పేరున పైడిరాజులు, పైడమ్మలు మన రెండు జిల్లాలలో ఇంటింటా కనిపిస్తారు. కాబట్టి “అప్పలనాయుడు మామయ్య” అని రాసి వదిలేస్తే, ఇరవై ఏళ్ల తర్వాత చదివినవారికి ఆయన ఎవరికి మామయ్యో, ఏ అప్పలనాయుడో తెలియదు. ఇంటిపేరు, పూర్తి పేరు, ఊరు, తండ్రి పేరు రాయండి. ఆడవాళ్లకు అత్తవారి ఇంటిపేరుతో పాటు కన్నవారి ఇంటిపేరు, ఊరు కూడా రాయండి. పాత ఫొటోల వెనక “ఫలానావారి భార్య” అని మాత్రమే రాసి, ఆమె పేరు రాయకుండా వదిలేసినవి ఎన్నో కనిపిస్తాయి. ఆ పేర్లు తెలిసినవారు ఉండగానే రాబట్టుకోవడం మనం ఆ తల్లులకు చేయగలిగిన మర్యాద. వరసలు చెప్పవలసి వచ్చినప్పుడు ఒకే మనిషి నుంచి లెక్క పెట్టండి. మీ అమ్మగారినే కేంద్రంగా పెట్టుకుని “అమ్మకు పెద్ద ఆడపడుచు”, “అమ్మకు చిన్న తమ్ముడు” అని పుస్తకమంతా ఒకే పద్ధతిలో రాస్తే గందరగోళం ఉండదు.

ఇక స్కానింగ్ సంగతి. మామూలు సైజు ఫొటోలకు 600 డీపీఐ (అంగుళానికి 600 చుక్కలు), పాస్‌పోర్టు సైజువాటికి 1200 డీపీఐ చాలు. వెనక రాత గాని ముద్ర గాని ఉంటే వెనకవైపు కూడా స్కాన్ చేయించాలి. నెగటివ్‌లను పారేయవద్దు. అవి బాగుంటే ఫొటో కంటే వాటి నుంచే మంచి ప్రతి వస్తుంది. స్టూడియోకు ఇవ్వవలసి వస్తే ఎన్ని ఇచ్చారో గుర్తులతో సహా రాసుకుని, కొద్దికొద్దిగా ఇచ్చి తెచ్చుకోండి.

ప్రశ్న: మా ఇంట్లో స్టూడియోలో తీసిన నలుపు తెలుపు ఫొటోలు కొన్ని ఉన్నాయి. ఎక్కడా తేదీ లేదు. వెనక స్టూడియో ముద్ర మాత్రం ఉంది. పెద్దవాళ్లెవరూ మిగల్లేదు. అవి ఏ కాలానివో తెలుసుకునే మార్గం ఉందా? – ఒక పాఠకుడు, బొబ్బిలి

సమాధానం: ఆ ముద్రనే జాగ్రత్తగా చదవండి. మీ ఊరివాళ్లకు ఈ విషయంలో మిగతావారికి లేని వెసులుబాటు ఉంది. బొబ్బిలి మొదట విశాఖపట్నం జిల్లాలో ఉండేది. 1950 ఆగస్టు 15న శ్రీకాకుళం జిల్లా ఏర్పడినప్పుడు అందులోకి వెళ్లింది. 1979 జూన్ 1న విజయనగరం జిల్లా ఏర్పడినప్పుడు పార్వతీపురం, సాలూరు, చీపురుపల్లి తాలూకాలతో పాటు ఇందులోకి వచ్చింది. ముద్రలో “బొబ్బిలి, శ్రీకాకుళం జిల్లా” అని ఉంటే ఆ ఫొటో 1950కి ముందుది అయ్యే అవకాశం లేదు. “విజయనగరం జిల్లా” అని ఉంటే 1979కి ముందుది కాదు. అయితే ఇది కింది హద్దును మాత్రమే గట్టిగా చెబుతుంది. జిల్లా మారిన మర్నాడే ఎవరూ కొత్త ముద్ర చేయించరు, ఉన్నది అరిగేదాకా వాడతారు కాబట్టి పై హద్దుకు నాలుగైదేళ్లు సడలింపు ఇచ్చి లెక్క వేయండి. పార్వతీపురంవారికి 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన పార్వతీపురం మన్యం జిల్లాతో ఇది నాలుగో చిరునామా. రాజాంవారు కూడా అదే రోజున శ్రీకాకుళం నుంచి విజయనగరం జిల్లాకు వచ్చారు.

ఇటువంటి గుర్తులు మరికొన్ని ఉన్నాయి. చిరునామాలో ఆరంకెల పిన్ కోడ్ ఉంటే అది 1972 ఆగస్టు 15 తర్వాతిది. “మద్రాసు రాజధాని” (మద్రాసు ప్రెసిడెన్సీ) అని ఉంటే 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడకముందు చెక్కిన ముద్ర. “ఆంధ్రప్రదేశ్” అని ఉంటే 1956 నవంబరు 1 తర్వాతిది. వెనక చేత్తో రాసిన అంకె కనిపిస్తే అది తేదీ కాకపోవచ్చు, స్టూడియోవారి నెగటివ్ నంబరు కావచ్చు. ఆ స్టూడియో వారసులు ఇంకా ఆ వృత్తిలో ఉంటే ఆ నంబరు పట్టుకుని వెళ్లి అడగండి. పాత నెగటివ్‌లనూ, నంబర్ల పుస్తకాలనూ దాచిపెట్టుకున్నవారు ఉంటారు.

అన్నిటికంటే గట్టి ఆధారం శుభలేఖ. పాత ఉత్తరాలు, పంచాంగాలు, పట్టాలు దాచిన సంచులలో వెతికితే ఒకటి రెండైనా దొరుకుతాయి. ఇంగ్లీషు తేదీ చిరిగిపోయినా తెలుగు సంవత్సరం పేరు మిగిలి ఉంటే చాలు. ఉదాహరణకు “రౌద్రి నామ సంవత్సర వైశాఖ” అని ఉంటే ఆ పెళ్లి 1980 వేసవిలో జరిగింది. అదే “రౌద్రి నామ సంవత్సర మాఘ” అని ఉంటే 1981 మొదట్లో జరిగినట్లు. ఉగాదితో ఏడు మారుతుంది కాబట్టి మాఘ, ఫాల్గుణ మాసాల ముహూర్తాలు ఇంగ్లీషు లెక్కలో తరువాతి సంవత్సరంలోకి వస్తాయి. ఇక్కడ పొరబడి ఒక ఏడాది వెనక్కి రాసేవారు చాలామంది. సంవత్సరాల పేర్లు అరవై ఏళ్లకొకసారి తిరిగి వస్తాయని కూడా మరిచిపోవద్దు. రౌద్రి అంతకుముందు 1920లో వచ్చింది. ఆ పెళ్లికూతురు మీకు నాయనమ్మో, ఆమెకు నాయనమ్మో తెలిస్తే ఏ రౌద్రో తేలిపోతుంది.

ఫొటో మూలన నారింజ రంగులో అచ్చయిన తేదీని మాత్రం తేలికగా నమ్మకండి. బ్యాటరీ మార్చాక కెమెరాలో తేదీ సరిచేయకుండానే తీసినవి ఎన్నో ఉంటాయి. ఎన్ని చూసినా కచ్చితమైన ఏడు తేలకపోతే “1958–62 మధ్య” అని రాసి, అలా ఎందుకు అనుకున్నారో ఒక వాక్యం చేర్చండి. కారణం రాసి ఉంటే తర్వాతివారికి కొత్త ఆధారం దొరికినప్పుడు సరిదిద్దుకునే వీలుంటుంది.

ప్రశ్న: 2018 తిత్లీ తుపానులో మా ఇంట్లోకి నీళ్లు వచ్చి ఆల్బమ్‌లు తడిశాయి. ఎండబెట్టి దాచాం గాని, కొన్ని ఫొటోలు ఒకదానికొకటి అంటుకుపోయాయి, కొన్నిటికి బూజు పట్టింది. వాటిని బాగుచేయగలమా? మిగిలినవాటిని ఎలా కాపాడుకోవాలి? – ఒక పాఠకురాలు, కవిటి

సమాధానం: ఆ అక్టోబరు 11న ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలతో పాటు ఎన్ని ఇళ్లలో పెట్టెలు తడిశాయో మీ ప్రాంతంవారికి వేరే చెప్పనక్కరలేదు. అంటుకుపోయిన ఫొటోలను చేత్తో లాగకండి, కత్తితో విడదీయకండి. పైన కనిపిస్తున్నవాటిని ముందుగా ఫోన్‌తో ఫొటో తీసి పెట్టుకోండి. బూజు పట్టనివీ, స్టూడియోలో కడిగించిన ఫొటోలూ అయితే, అంతగా అక్కరలేని ఒక జతను తీసుకుని వెడల్పాటి పళ్లెంలో శుభ్రమైన చల్లని నీళ్లలో మునిగేలా ఉంచి, వాటంతట అవి వదిలేదాకా ఆగండి. అది సవ్యంగా వస్తేనే తక్కినవాటిని ప్రయత్నించండి. కంప్యూటర్ ప్రింటర్‌లో తీసినవాటిని, చేత్తో రంగులు వేసినవాటిని నీళ్లలో పెట్టకూడదు. బూజు పట్టినవాటికి అసలే నీరు తగలనీయవద్దు. బూజు తిన్న చోట ఫొటో పైపొర మెత్తబడి ఉంటుంది కాబట్టి నీళ్లలో బొమ్మే కరిగిపోతుంది. వాటిని నీడపట్టున పూర్తిగా ఆరనిచ్చి, ముక్కుకు గుడ్డ కట్టుకుని, ఆరుబయట మెత్తని కుంచెతో దులపండి. అన్నీ తిరిగి వస్తాయని మాట ఇవ్వలేను. పాడైనదాన్ని కూడా పారేయకుండా స్కాన్ చేయించి ఉంచండి, ముఖం ఒక్కటి నిలిచినా కొంత దిద్దించుకోవచ్చు.

మళ్లీ ఎప్పుడైనా ఇలా తడిస్తే చేయవలసింది వేరు. తడి ఫొటోలను దొంతరగా ఆరబెడితేనే అంటుకుంటాయి. బురదను శుభ్రమైన నీళ్లతో కడిగి, విడివిడిగా, బొమ్మ పైకి ఉండేటట్లు, పలచని గుడ్డ మీద నీడలో పరచాలి. రెండు రోజులలో అన్నీ చేయలేమనుకుంటే, కరెంటు ఉన్న బంధువుల ఇంట్లో ఫ్రిజ్ పైఅరలో, ఐసు గడ్డకట్టే చోట, ప్లాస్టిక్ సంచిలో పెట్టించి తీరికగా బయటికి తీసుకోవచ్చు. తుపాను హెచ్చరిక వచ్చినప్పుడు పట్టాదారు పాసు పుస్తకాలు, సర్టిఫికెట్లు కట్టే ప్లాస్టిక్ సంచిలోనే ఫొటోలను కూడా కట్టి అటక మీదికి చేర్చండి. గాలివాన వెలిశాక సంచిలో ఉంచేయకండి, లోపలి చెమ్మకు మళ్లీ బూజు వస్తుంది.

బంక పేజీల మీద ఫొటో పెట్టి పైన ప్లాస్టిక్ పొర కప్పే ఆల్బమ్‌లు చాలామంది ఇళ్లలో ఉన్నాయి. ఆ బంక, ఆ ప్లాస్టిక్ రెండూ ఫొటోకు హాని చేస్తాయి. ఊడి వచ్చేవాటిని తీసి కాగితపు కవర్లలో పెట్టండి. రానివాటి వెనక పళ్ల సందులు శుభ్రం చేసుకునే సన్నని దారాన్ని రంపంలా అటూ ఇటూ ఆడిస్తే చాలావరకు వదులుతాయి. అప్పటికీ రాకపోతే పేజీతో సహా ఉంచేయడమే మేలు. లామినేషన్ మాత్రం ఎంతమంది చెప్పినా చేయించవద్దు. వేడికి అతికిన ఆ పొరను తర్వాత ఎవరూ తీయలేరు, లోపల చెడిపోతున్నా చూస్తూ ఊరుకోవలసి వస్తుంది.

ఫొటోల పెట్టె నేల మీద గాని, బయటి గోడకు ఆనించి గాని ఉండకూడదు. లోపలి గదిలో బీరువా నడిమి అర మంచి చోటు. ఇంకొక మాట చెప్పాలి. గతించిన పెద్దల ఫొటోను పటం కట్టించి, దండ వేసి, అద్దానికి బొట్టు పెట్టి, అగరొత్తులు వెలిగించే ఇళ్లలో చాలాసార్లు ఆ మనిషికి మిగిలిన ఒకే ఒక్క అసలు ఫొటో ఆ పటంలోనే ఉంటుంది. తేమకు అది అద్దానికి అంటుకుంటే తీయడం ఎవరివల్లా కాదు. పటాన్ని విప్పించి, అసలు ఫొటోను స్కాన్ చేయించి కవరులో దాచి, కొత్త ప్రింటును గోడకు పెట్టండి. ఆ పెద్దలకు జరిగే పూజలో లోటేమీ ఉండదు.

ప్రశ్న: మా కుటుంబంవాళ్లు విశాఖ, హైదరాబాదు, ఖరగ్‌పూర్, అమెరికాలలో ఉన్నారు. వాట్సాప్ గ్రూపులో పాత ఫొటోలు వందకు పైగా పెట్టాను. నాలుగు దండాలు, రెండు పువ్వుల బొమ్మలు తప్ప ఎవరూ ఏమీ చెప్పలేదు. అందరినీ ఇందులోకి ఎలా తేవాలి? – ఒక పాఠకుడు, నరసన్నపేట

సమాధానం: వంద ఫొటోలు ఒకేసారి పెడితే ఎవరైనా వేలితో పైకి తోసుకుంటూ పోతారు. అది వాళ్ల తప్పు కాదు. వారానికి ఒక్క ఫొటో పెట్టండి, ఆదివారం ఉదయం అందరూ తీరికగా ఉన్న వేళ పెట్టండి. దానితో పాటు మీకు తెలిసినది రెండు వాక్యాలు రాసి, తెలియనిది ఒకే ఒక్క ప్రశ్నగా అడగండి. “1971 ప్రాంతంలో ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్ ముందు పెదనాన్నగారి కుటుంబం. సైకిలు పట్టుకున్న అబ్బాయి ఎవరు?” అని అడిగితే, సైకిలు ఎవరిదో తెలిసినవారు ఊరుకోలేరు. మీరు రాసినదానిలో పొరపాటు ఉంటే దిద్దడానికి కూడా ముందుకు వస్తారు. ఒకే సంఘటనను ఇద్దరు రెండు విధాలుగా చెబితే తీర్పు చెప్పబోకండి. ఎవరు ఏమన్నారో ఇద్దరి పేర్లతో పుస్తకంలో ఎక్కించండి.

గ్రూపులో రాని జవాబులు ఫోన్‌లో వస్తాయి. ముఖ్యంగా టైపు చేయడం రాని అత్తలకు, పిన్నులకు ఆ ఫొటో ప్రింటు తీయించి పోస్టులో పంపి, అందిన తర్వాత ఫోన్ చేసి మాట్లాడండి. మన ప్రాంతం నుంచి రైల్వే పనుల కోసం ఖరగ్‌పూర్ వెళ్లి అక్కడే స్థిరపడిన కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. వాళ్లు ఊరికి పంపిన ఫొటోలు మీ పెట్టెలో ఉంటే, మీవాళ్లు వాళ్లకు పంపినవి అక్కడి పెట్టెల్లో ఉంటాయి. మీకు లేని మీ తాతగారి ఫొటో అక్కడ దొరకవచ్చు. మీవి చూపించాకే వాళ్లవి అడగండి, అసలు ప్రతిని పంపమనకుండా ఫోన్‌తో తీసి పంపమనండి. కిటికీ పక్కన నేరుగా ఎండ పడని చోట ఫొటోను బల్ల మీద పరచి, ఫ్లాష్ లేకుండా, ఫోన్‌ను సరిగ్గా పైన సమాంతరంగా పట్టుకుని తీయమని చెబితే సరిపోతుంది.

వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫొటో సైజు తగ్గిపోతుంది. చూడటానికి అది చాలు గాని, దాచుకోవడానికి పనికిరాదు. ప్రింటుకు గాని, భద్రం చేయడానికి గాని పంపేటప్పుడు “డాక్యుమెంట్” అన్న దారిలో పంపండి. గ్రూపును భోషాణంగా అనుకోవద్దు. ఎవరి ఫోన్ పాడైనా అందులోనివి పోతాయి. గూగుల్ ఫొటోస్‌లో అందరికీ కలిపి ఒక ఆల్బమ్ తెరిస్తే వెతుక్కోవడం తేలికవుతుంది. అయితే 2021 జూన్ 1 నుంచి అక్కడ పెట్టే ఫొటోలన్నీ ఉచితంగా ఇచ్చే 15 జీబీలోనే లెక్కకు వస్తున్నాయి, అది జీమెయిల్‌కు కూడా కలిపి ఉన్న చోటు. పాత ఫొటోకు ఈనాటి తేదీ పడితే దాన్ని అందులో మార్చుకోవచ్చు, కింద వివరమూ రాసుకోవచ్చు. ఆ వివరం ఫైలుతో పాటు అన్ని చోట్లకూ వెళ్తుందన్న నమ్మకం లేదు కాబట్టి నోట్‌బుక్ పేజీలను కూడా ఫొటో తీసి అదే ఆల్బమ్‌లో పెట్టండి. మొత్తాన్ని ఒక హార్డ్ డిస్కులో, దాని నకలును వేరే ఊళ్లో ఉన్న బంధువు దగ్గర మరో డిస్కులో ఉంచండి. పెన్ డ్రైవ్ ఒక్కదాన్నే నమ్ముకోకండి.

ఏది పంచుకోవాలో కూడా ఆలోచించాలి. విడిపోయిన దంపతుల పెళ్లి ఫొటో, పసితనంలో పోయిన బిడ్డ ఫొటో, ఆస్తి తగాదాలకు ముందు అన్నదమ్ములు కలిసి ఉన్న ఫొటో గ్రూపులో పెట్టేముందు వాటికి దగ్గరివారిని విడిగా అడగండి. వద్దంటే పెట్టవద్దు. వద్దన్నారు కదా అని చింపకండి, కత్తిరించకండి. కవరులో పెట్టి ఎవరు వద్దన్నారో రాసి దాచండి.

ప్రశ్న: మా తాతగారి భౌతికకాయం చుట్టూ కుటుంబమంతా కూర్చున్న ఫొటో మా దగ్గర ఉంది. ఇంట్లో ఉంచకూడదని కొందరు అంటున్నారు. ఏం చేయాలి? – ఒక పాఠకురాలు, విజయనగరం

సమాధానం: ఉంచండి. కెమెరా అరుదైన రోజుల్లో దూరం నుంచి బంధువులందరూ ఒకచోట చేరే సందర్భం అదొక్కటే కావడం వల్ల, ఫొటోగ్రాఫరును పిలిపించి అలా తీయించేవారు. ఆయనకు అది ఒక్కటే ఫొటో కావచ్చు, చుట్టూ కూర్చున్న ఆడవాళ్లలో కొందరికి కూడా అదే ఒక్కటి కావచ్చు. కూర్చున్న వరసలోనే అందరి పేర్లూ రాయించి, పైన “అంత్యక్రియల నాటిది” అని స్పష్టంగా రాసిన వేరే కవరులో పెట్టండి. పిల్లలకు ఆల్బమ్ తిప్పుతుంటే హఠాత్తుగా ఎదురుపడకూడదు. ఇంట్లో ఉంచడానికి మనసొప్పనివారు ఉంటే, అభ్యంతరం లేని బంధువుల దగ్గర దాచమనండి. విడి ముఖం స్పష్టంగా ఉన్న ఎవరినైనా అందులోంచి వేరుచేసి ప్రింటు తీయించుకోవచ్చు.

ప్రశ్న: మాది కూలి పనుల మీద బతికిన కుటుంబం. తాతలు బర్మాలోని రంగం (రంగూన్) వెళ్లి వచ్చారని విన్నాను. 1990కి ముందు తీసిన ఫొటో మా ఇంట్లో ఒక్కటీ లేదు. మాలాంటివాళ్లు పిల్లలకు కుటుంబ కథను ఎలా చూపించాలి? – ఒక పాఠకుడు, ఆమదాలవలస

సమాధానం: ఈ ఉత్తరం రాసినందుకు మీకు ప్రత్యేకంగా కృతజ్ఞతలు. ఫొటోలున్న ఇళ్ల గురించే మాట్లాడుతూ పోతే, మన జిల్లాలలో సగానికి పైగా కుటుంబాలకు గతమే లేనట్లు అవుతుంది.

మీ ఇంట్లో లేకపోయినా మీవాళ్ల ఫొటో వేరేచోట ఉండవచ్చు. మీ నాన్నగారు చదివిన బడిలో తీసిన గుంపు ఫొటో, ఆయన పని చేసిన ఇంటి పెళ్లి ఆల్బమ్, ఊళ్లో అమ్మవారి సంబరం నాటి ఫొటోలు, సంఘాల సమావేశాలలో తీసినవి వెతకండి. పెళ్లి ఆల్బమ్‌లలో వంటల దగ్గరా, పల్లకీ మోసేవారిలో, వెనక వాద్యగాళ్లలో చాలామంది ముఖాలు కనిపిస్తాయి. ఆ ఇంటివాళ్లకు వాళ్ల పేర్లు తెలియకపోవచ్చు, మీ అమ్మకు తెలుస్తాయి. మర్యాదగా అడిగి, ఆ పేజీని అక్కడే ఫోన్‌తో తీసుకోండి. వాళ్ల ఆల్బమ్‌లో కూడా ఆ పేర్లు రాయమని చెప్పండి.

ప్రభుత్వ కాగితాలలో ఉన్న ఫొటోలను తక్కువగా చూడవద్దు. 1993లో మొదలైన ఓటరు గుర్తింపు కార్డు, రేషన్ కార్డు, ఉపాధి హామీ జాబ్ కార్డు, పింఛను పుస్తకం మీద ఉన్న ఫొటోయే ఎందరికో మొదటి ఫొటో. చెరిగిపోకముందే 1200 డీపీఐలో స్కాన్ చేయించండి. ఫొటో లేకపోయినా వేలిముద్ర ఉన్న పాత దస్తావేజు, రైల్వే పాసు, బడి టీసీ, అప్పు పత్రం కూడా మీ ఆల్బమ్‌లో ఒక పేజీకి అర్హమైనవే. వాటిని పిల్లలు ఉన్నచోట బయటపెట్టేటప్పుడు ఆధార్ నంబరు, బ్యాంకు ఖాతా నంబరు కనిపించకుండా కప్పండి.

రంగం సంగతి పెద్దవాళ్లను వెంటనే అడగండి. 1941 డిసెంబరులో జపాను రంగం మీద బాంబులు వేసిన తర్వాత, 1942లో వేలాది మంది అడవులు, కొండలు దాటుకుంటూ కాలినడకన తిరిగి వచ్చారు. మీవాళ్లు అప్పుడు వచ్చారా, అంతకుముందే ఓడలో వచ్చారా, బర్మా ప్రభుత్వ విధానాల వల్ల 1960లలో వచ్చారా అన్నది తెలిస్తే కథకు ఒక కాలం దొరుకుతుంది. ఏ మిల్లులో, ఏ రేవులో పని చేశారు, ఎవరు వెంట తీసుకెళ్లారు, తిరిగి వచ్చేటప్పుడు చేతిలో ఏముంది అని అడగండి. అక్కడి నుంచి తెచ్చిన గిన్నె, పెట్టె, లుంగీ గుడ్డ ఏదైనా బంధువుల ఇంట్లో మిగిలి ఉంటే, దాన్ని తెల్లటి గుడ్డ మీద పెట్టి ఫొటో తీసి, ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో కింద రాయండి.

మిగతా ఫొటోలు మీరు ఇప్పుడు తీయవలసినవి. పెద్దావిడను వెంటబెట్టుకుని పాత ఇల్లు ఉన్న చోటికి, నీళ్లు తోడిన నూతికి, నాట్లు వేసిన మడికి వెళ్లండి. ఆమె ఎక్కడ నిలబడి ఏం చెప్పిందో అక్కడే ఫొటో తీసి, మాటను రికార్డు చేయండి. ఇల్లు లేకపోతే ఒక తెల్ల కాగితం మీద ఆమె చేతనే గీయించండి. వీధి ఎటు, పొయ్యి ఎక్కడ, ఆవును కట్టిన చోటు ఏది, తాత పడుకున్న మంచం ఏ గోడకు ఉండేది అని అడుగుతూ ఉంటే గీతలు పెరుగుతాయి. చదువు రాదని వెనుకాడితే ఆమె వేలితో చూపించగా మనవరాలు గీయవచ్చు. ఆ కాగితం మీద ఊరి పేరు, చెప్పినవారి పేరు, గీసినవారి పేరు, తేదీ రాసి, ఫొటో తీసి బంధువులకు పంపండి. పొయ్యి ఇటువైపు కాదు అటువైపు అని ఎవరైనా అంటే, వాళ్ల చేత కూడా ఒకటి గీయించి రెండింటినీ కలిపి ఉంచండి.